'మనం' అన్నప్పుడు 'మేం' ఎక్కడున్నాం? - దళిత సంకలనాల మీద కొన్ని మాటలు

దళిత సాహిత్యం మీద ఎక్కడ సభ జరిగినా ఒక ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. "మొదట దళితులన్నారు. తర్వాత మాదిగలన్నారు. ఆ తర్వాత దళిత స్త్రీలన్నారు. ఇప్పుడు ఉపకులాలంటున్నారు. ఇట్లా ఎన్ని ముక్కలవుతారు?" అడిగేవాళ్లలో అగ్రవర్ణ విమర్శకులే కాదు, మనవాళ్లూ ఉన్నారు. అగ్రవర్ణ విమర్శకులు అడిగినప్పుడు ఆ గొంతులో కొంత సంతోషం కూడా వినపడుతుంది. వాళ్ల సంగతి వదిలేద్దాం. మనవాళ్లు అడిగినప్పుడు అందులో నిజమైన బాధ ఉంటుంది. ఆ బాధకు జవాబు చెప్పాల్సిన బాధ్యత మా మీద ఉందనుకుంటున్నాం.

దీనికోసం మేం సంకలనాలను తీసుకుంటున్నాం. ఇన్నాళ్లూ మన విమర్శ సంకలనం లోపలి కవితల్ని విడివిడిగా చదివింది. వస్తువేమిటి, భాష ఎట్లా ఉంది, కోపం ఎంతుంది అని చూసింది. సంకలనాన్నే ఒక సంఘంగా చూసింది తక్కువ. నిజానికి సంఘం చేసే పనులన్నీ సంకలనమూ చేస్తుంది. నలుగుర్నీ పిలుస్తుంది. కొందర్ని చేర్చుకుంటుంది, కొందర్ని వద్దంటుంది, కొందర్ని అసలు గుర్తించదు. పేరు పెట్టుకుంటుంది. చందాలు పోగుచేస్తుంది. తగాదా పడుతుంది. అందుకని దళితులు ఒక గుంపుగా ఎట్లా కూడారు, కూడి ఎట్లా పనిచేశారు, కాలం గడిచేకొద్దీ ఏమయ్యారు అనేది తెలుసుకోవడానికి సంకలనాలకు మించిన సాక్ష్యం లేదు.

ఇక్కడ మన భాష ఒక సౌకర్యం ఇచ్చింది. తెలుగులో 'మనం' వేరు, 'మేం' వేరు. ఎదుటివాణ్ని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేం. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. సంఘాల గురించి ఇంగ్లీషులో వచ్చిన సిద్ధాంతాలు చదువుతున్నప్పుడు ఈ తేడా మాకు పదేపదే గుర్తొచ్చింది.

సామాజిక మనస్తత్వశాస్త్రం పాఠాల్లో బ్రూస్ టక్‌మన్ అనే అమెరికన్ పేరు తప్పకుండా వస్తుంది. గుంపుల ఎదుగుదల మీద అప్పటికి వచ్చిన యాభై వ్యాసాల్ని పరిశీలించి 1965లో ఆయన ఒక నమూనా చెప్పాడు. ఏ గుంపైనా నాలుగు దశలు దాటుతుందన్నాడు. మొదట కూడటం, తర్వాత కొట్లాడుకోవడం, ఆ పైన కట్టుబాట్లు ఏర్పరచుకోవడం, చివరికి కుదురుగా పనిచేయడం. 1977లో మేరీ యాన్ జెన్సెన్‌తో కలిసి 'విడిపోవడం' అనే అయిదో దశ చేర్చాడు. నమూనా పనికిరానిదని మేం అనడం లేదు. మన సంఘాల్లోనూ ఈ దశలు కనిపిస్తాయి. కానీ ఆయన చూసిన వ్యాసాలు ఎక్కువగా చికిత్స గుంపుల మీద, శిక్షణ గుంపుల మీద, ప్రయోగశాలలో కూర్చోబెట్టిన గుంపుల మీద వచ్చినవి. అక్కడ అందరికీ ఒకే రకం కుర్చీ వేసి ఉంటుంది. మన దగ్గర కుర్చీ దాకా రావడమే పెద్ద కథ. పైగా ఆ నమూనాలో కొట్లాట అనేది దాటిపోవాల్సిన దశ. దాటాక గుంపు కుదుటపడుతుంది. మన చరిత్ర అట్లా నడవలేదు. కుదుటపడిందనుకున్న ప్రతిసారీ లోపలినుంచి ఎవరో ఒకరు లేచి, "మీరు మనం అంటున్నారు గానీ అందులో మేం లేం" అన్నారు. అట్లా అన్నప్పుడల్లా గుంపు చిన్నదైందా, పెద్దదైందా? అసలు ప్రశ్న ఇదే.

గుంపే లేని కాలం నుంచి మొదలుపెడదాం. జాషువా 'గబ్బిలం' 1941లో వచ్చింది. అందులో కథానాయకుడికి తోడెవరూ లేరు. తన గోడు కాశీలో ఉన్న శివుడికి చెప్పమని ఇంట్లోకొచ్చిన గబ్బిలాన్ని బతిమాలుకుంటాడు. గుడిలోకి తనకు ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది గనక. ఈ వ్యంగ్యాన్ని అందరూ మెచ్చుకున్నారు. మేం ఇంకో సంగతి గమనించాలంటున్నాం. చెప్పుకోడానికి పక్కన ఇంకో మనిషి లేడు. అప్పటికి సంఘాలు లేక కాదు. భాగ్యరెడ్డివర్మ హైదరాబాదులో 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టాడు, 1911లో మాన్య సంఘం పెట్టాడు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ పేరుతో పిలిచిన సభలో 'పంచమ' వద్దు, 'ఆది ఆంధ్ర' అనుకుందామని ఆయనే పేరు మార్పించాడు. సంఘం ఉంది, కావ్యంలోకి మాత్రం ఇంకా రాలేదు. ఇంకో సంగతి. జాషువా తన నాయకుణ్ని అరుంధతీసుతుడు అన్నాడు. అంటే మాదిగ. మనం దాన్ని ఏళ్ల తరబడి 'అస్పృశ్యుడు' అని మాత్రమే చదువుకున్నాం. పేరు పుస్తకంలోనే ఉంది. చదివినవాళ్లకు పట్టలేదు.

ఇప్పుడు కారంచేడు. 1985 జూలై 16న చెరువు దగ్గర, తాగేనీళ్లు పాడుచేయొద్దన్నందుకు కమ్మ యువకులు కొట్టబోతే మున్నంగి సువార్త అనే మాదిగ స్త్రీ బిందె ఎత్తింది. మర్నాడు పల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు మాదిగలు చనిపోయారు. స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. బతికినవాళ్లు చీరాల చేరి శిబిరం వేసుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరు 1న దళిత మహాసభ ఏర్పడింది. బొజ్జా తారకం అధ్యక్షుడు, కత్తి పద్మారావు ప్రధాన కార్యదర్శి. ఈ గుంపు ఆహ్వానపత్రికలు పంపితే కూడింది కాదు. తరిమితే కూడింది. దాడి చేసినవాడు మాలా మాదిగా అని పల్లెల్ని విడదీసి చూడడని అందరికీ తెలిసొచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపినప్పుడు దాడి మాలపల్లె మీద జరిగింది. అప్పుడూ రాష్ట్రమంతా దళితులుగానే కదిలారు. 'దళిత' అనే మాట తెలుగునాట బలపడింది ఈ రెండు ఊళ్ల మీదుగా. అది పుస్తకాల్లోంచి దిగుమతి అయిన మాట అనేవాళ్లు ఈ ఆరేళ్ల చరిత్ర మర్చిపోతున్నారు.

అయితే ఒక లోటు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఈ 'మనం' మొదలైంది చెరువుగట్టు మీద ఒక ఆడమనిషి బిందె ఎత్తడంతో. వేదికల మీద నాయకులుగా నిలబడింది ఎక్కువగా మగవాళ్లు. శిబిరం నడవాలంటే పొయ్యి వెలగాలి, పిల్లల్ని చూసుకోవాలి, కోర్టుకు పోయి సాక్ష్యం చెప్పాలి. ఆ పనులు చేసినవాళ్ల పేర్లు ఉద్యమ చరిత్రలో ఎంతవరకు ఎక్కాయో ఎవరికి వాళ్లం చూసుకోవచ్చు.

పదేళ్ల తర్వాత, 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చింది. జి. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ సంపాదకులు. విజయవాడ నుంచి కవిత్వం ప్రచురణలు వేసింది. మరుసటేడు 'పదునెక్కిన పాట' వచ్చింది. ఈ పుస్తకాలు చేసిన పని ఏమిటి? వేరువేరు ఊళ్లలో, వేరువేరు ఉద్యోగాల్లో, ఒకరి ముఖం ఒకరు చూసుకోని కవులు ఒక అట్ట కింద కూర్చున్నారు. అప్పటిదాకా వీళ్లు పత్రికల్లో ఒక్కొక్కరుగా కనిపించేవాళ్లు. ఒక్కొక్కరుగా ఉన్నప్పుడు "ఆవేశం బాగుంది, శిల్పం లేదు" అని కొట్టేయడం తేలిక. పుస్తకంగా వచ్చాక అది కుదరలేదు. ఇంతమంది ఒకే రకంగా మాట్లాడుతున్నారంటే శిల్పం అనే కొలబద్దలోనే ఏదో తేడా ఉందని అడగాల్సొచ్చింది. ఈ ప్రశ్నను ఒక్క కవి, ఎంత గొప్పవాడైనా, లేవనెత్తలేడు. గుంపు లేవనెత్తగలదు.

'దళిత' అంటే ఎస్సీలు మాత్రమే కాదు, ఎస్టీలు, బీసీలు, మైనారిటీలు కూడా అనే వాదం ఆనాడు బలంగా వినపడింది. అదే ఏడాది వచ్చిన 'నిశాని'లో మద్దూరి నగేష్‌బాబు, పైడి తెరేష్‌బాబు, ఖాజా, వరదయ్య నలుగురూ కలిసి రాశారు. నలుగురిలో ఒకరు ముస్లిం. పెద్ద సంకలనం పెద్ద సభలాంటిది. 'నిశాని' నలుగురు స్నేహితుల కూడికలాంటిది. దాని భాష చూసి బూతులన్నవాళ్లున్నారు. పెద్ద సభలో ఎవరైనా కాస్త సర్దుకుని మాట్లాడతారు. నలుగురం కూర్చున్నప్పుడు నోరు విప్పుతాం. ఒక ఉద్యమానికి రెండూ కావాలి. విమర్శకులు చిన్న గుంపు భాషను పెద్ద సభ మర్యాదతో కొలిచారు. అక్కడ పొరపాటు జరిగింది.

మేం ఇంతసేపూ చెప్పింది 'మనం' కథ. ఇప్పుడు 'మేం' కథ.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. కారంచేడు అప్పట్లో ఉన్నదీ ఆ జిల్లాలోనే. పేరు చివర 'మాదిగ' అని పెట్టుకోవడం ఆ ఉద్యమం చేసిన మొదటి సాహిత్య కార్యం అంటే అతిశయోక్తి కాదు. తిట్టుగా వాడిన మాటను సంతకంగా మార్చారు. 1997లో నాగప్పగారి సుందర్రాజు సంపాదకత్వంలో 'మాదిగ చైతన్యం' వచ్చింది. అప్పుడు మొదలైంది రగడ. "రెండేళ్ల కిందటే గదా అందరం ఒక పుస్తకంలో ఉన్నాం, ఇప్పుడిదేంటి?" అన్నారు. ఐక్యతను దెబ్బతీస్తున్నారన్నారు.

ఐక్యత ఎవరిది అని మేం అడగదలచుకున్నాం. అరవై దాకా కులాలున్న జాబితాలో, చదువూ ఉద్యోగమూ ముందుగా అందిన ఒకటి రెండు కులాలవాళ్లు వేదిక మీద ఉండి 'మనం' అంటే, ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ లెక్క చూపించని మాట. సుందర్రాజు లాంటివాళ్లు అడిగింది ఆ లెక్క. ఇందులో మాల మిత్రుల భయాన్ని కూడా మేం కొట్టిపారేయడం లేదు. పాలకులు ఎప్పుడూ చీలికల్ని వాడుకుంటారు. చుండూరు నెత్తురు చూసినవాళ్లకు ఐక్యత అనేది ప్రాణాలకు సంబంధించిన మాట. అయితే ఆ భయాన్ని చూపించి లెక్క అడగొద్దంటే ఎట్లా? మాదిగల వైపు నుంచి కూడా తప్పులు జరిగాయి. పంపకం అడగాల్సింది ప్రభుత్వాన్ని. కొన్ని రాతల్లో ఆ కోపం పక్క పల్లె మీదికి మళ్లింది. ఒకే కవి పద్యాన్ని నిన్న మెచ్చుకుని, కులం చూసి ఇవాళ తిట్టిన విమర్శలూ వచ్చాయి. అది విమర్శ కాదు.

న్యాయస్థానాల్లో ఈ వాదన చాలాకాలం నడిచింది. ఉమ్మడి రాష్ట్రంలో 59 కులాల్ని నాలుగు గ్రూపులు చేసిన వర్గీకరణను 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. 2025లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ మూడు గ్రూపుల పద్ధతి తెచ్చాయి. తీర్పు గురించి ఎవరి అభిప్రాయం వాళ్లకుంటుంది. మేం చూపించదలచింది ఒకటే. ఒక కవితా సంకలనం 1997లో అడిగిన ప్రశ్నను దేశపు అత్యున్నత న్యాయస్థానం ఇరవయ్యేడేళ్ల తర్వాత కూడా చర్చించాల్సొచ్చింది. దాన్ని కవుల తగాదా అని తీసిపారేసినవాళ్లు ఇప్పుడేమంటారు?

ఆ 59 కులాల జాబితాలో ఇంకో విశేషం ఉంది. 'ఆది ఆంధ్ర' అందులో ఒక కులం పేరు. 1917లో అందర్నీ కలపడానికి పెట్టుకున్న పేరది. అందరికీ అనుకున్న పేరు చివరికి జాబితాలో ఒక వరుస అయి కూర్చుంది. పేరు ఎంత విశాలంగా పెట్టుకున్నా, లోపలివాళ్ల మధ్య లెక్క తేలకపోతే దానికి ఇదే గతి. 'దళిత' అనే పేరుకు ఆ గతి పట్టకూడదనే మా తాపత్రయం.

2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినవాటిని కూర్చిన పుస్తకం. దీన్ని కూడా చీలిక అన్నారు. తేదీలు చూడండి. మన గుంపు పుట్టింది 1985లో అని మనం చెప్పుకుంటున్నాం. ఈ పుస్తకం వచ్చి దాన్ని అరవై నాలుగేళ్లు వెనక్కి జరిపింది. చీల్చేది ఏదైనా చరిత్రను ఇంత పెంచుతుందా? మనం మర్చిపోయిన అమ్మమ్మల్ని తెచ్చి పక్కన కూర్చోబెట్టడాన్ని విభజన అంటామా? స్త్రీవాదులు 1993లో 'నీలిమేఘాలు' తెచ్చినప్పుడు 'స్త్రీలం' అన్నారు, దళితులు 1995లో 'దళితులం' అన్నారు. ఆ రెండు మాటల మధ్య నిలబడి, రెండింటిలోనూ సగం సగం మాత్రమే ఉన్నవాళ్లు ఇక తమ పుస్తకం తామే వేసుకోవాల్సొచ్చింది.

2006లో మాదిగ, మాదిగ ఉపకులాల ఆడవాళ్ల కథలతో 'నల్లరేగటిసాల్లు' వచ్చింది. ఉపకులాల మాట వచ్చింది గనక మా సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం ఇంకొకళ్ల మీద తీర్పు అయిపోతుంది.

మేం మా ఇళ్లలో మొదటిసారి విశ్వవిద్యాలయం మెట్లెక్కినవాళ్లం. అక్కడ ఒక విద్యార్థి సంఘంలో ఏళ్ల తరబడి పనిచేశాం. కరపత్రం ఎవరు రాయాలి? ఇంగ్లీషు వచ్చినవాళ్లు. సభలో ఎవరు మాట్లాడాలి? గొంతు ఉన్నవాళ్లు. మిగిలినవాళ్లు మైదా వండి గోడలకు కాగితాలు అంటించాలి. మీటింగులు రాత్రి పదింటికి మగపిల్లల హాస్టల్లో. ఆడపిల్లల హాస్టలు గేటు అంతకుముందే మూసేస్తారు. ఆడపిల్లల్ని రావద్దని మేమెవరం అనలేదు. మేం పెట్టుకున్న వేళ అంది. ఈ ముక్క మాకు తట్టడానికి రెండేళ్లు పట్టింది. అదీ వాళ్లు చెబితేనే.

ఇంకోరోజు, దండోరా గురించి, పేరు గురించి మేం గట్టిగా వాదించి గదికి వస్తుంటే, డక్కలి కులానికి చెందిన ఒక జూనియర్ అడిగాడు. "అన్నా, మీరు మనం మాదిగోళ్లం అంటుంటే బాగుంది. నేను మీ ఊరొస్తే మీ అమ్మ నన్ను ఇంట్లోకి రానిస్తదా?" మేం జవాబు చెప్పలేకపోయాం. డక్కలివాళ్లు మాదిగల కులపురాణం చెప్పి, మాదిగల దగ్గరే అడుక్కుని, మాదిగవాడ బయటే గుడారం వేసుకుని బతికినవాళ్లు. వాళ్లను అంటుకోని ఇళ్లలోనే మేం పెరిగాం. మాల మిత్రుల్ని మేం ఏ లెక్క అడిగామో ఆ లెక్కే ఆ పిల్లాడు మమ్మల్ని అడిగాడు. మాల మిత్రులు ఆనాడు ఎందుకు అంత ఇబ్బంది పడ్డారో మాకు ఆ రోజు అర్థమైంది. వాళ్లు చెప్పిన సాకులే మా నోట్లోకి వచ్చాయి. "ముందు అందరం కలిసి గెలుద్దాం, అవి తర్వాత చూసుకుందాం" అనబోయి ఆగిపోయాం.

మరాఠీ అనుభవం కూడా చూడాలి. 1972లో బొంబాయిలో దళిత పాంథర్స్‌ను స్థాపించినవాళ్లు కవులు, రచయితలు. నామ్‌దేవ్ ఢసాల్, రాజా ఢాలే, జె.వి. పవార్. 1974లోనే మార్క్సా అంబేద్కరా అన్న వాదన మీద చీలారు. ఎవరిది ఒప్పు అని అక్కడ ఇంకా వాదిస్తూనే ఉన్నారు. మాకు కనిపించే పాఠం వేరు. అభిప్రాయభేదం వచ్చినప్పుడు దాన్ని పెట్టుకోడానికి ఆ సంఘంలో చోటు లేకపోయింది. బయటికి పోవడం ఒక్కటే దారిగా మిగిలింది.

మన సంకలనాలకూ ఆ జబ్బు ఉంది. సంకలనం మొత్తం ఒకరిద్దరు సంపాదకుల భుజాల మీద నడిచింది. త్రిపురనేని శ్రీనివాస్ 1996లో పోయాడు. సుందర్రాజు 2000లో పోయాడు. నగేష్‌బాబు 2005లో, తెరేష్‌బాబు 2014లో పోయారు. ఒక్కొక్కరు పోయినప్పుడల్లా ఉత్తరాలు, రాతప్రతులు, వేయకుండా పక్కన పెట్టిన కవితలు ఎక్కడున్నాయో వెతుక్కునే పరిస్థితి. మనిషి చుట్టూ కూడిన గుంపు మనిషితోనే పోతుంది. మంచి పని చేసినవాళ్లను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. జేబులో డబ్బు పెట్టి, నిద్ర చెడగొట్టుకుని వాళ్లు ఆ పుస్తకాలు తెచ్చారు. ఆ బరువు ఒక్కళ్ల మీదే వదిలేసింది మనమే.

కాబట్టి ఇకముందు వచ్చే సంకలనాల ముందు మేం కొన్ని కోరికలు పెడుతున్నాం. ముందుమాటలో సిద్ధాంతంతో పాటు పని లెక్క కూడా రాయండి. ఎవరు సేకరించారు, ఎవరు ప్రూఫులు దిద్దారు, డబ్బు ఎవరిచ్చారు, ఎవరి ఇంట్లో ఎవరు వండిపెట్టారు. ఎవర్ని చేర్చలేకపోయారో, ఎందుకో ఒక పేజీ రాయండి. సంపాదకత్వం చేతులు మారేటట్టు చూడండి. రాతప్రతుల్ని ఎవరి బీరువాలోనో కాకుండా నలుగురికీ అందేచోట దాచండి. "ఇందులో మేం లేం" అని ఎవరన్నా రాస్తే ఆ ఉత్తరాన్ని తర్వాతి ముద్రణలో వేయండి. ఇవి చిన్న పనులు. ఇవి చేయకపోవడం వల్లనే పెద్ద తగాదాలు వచ్చాయని మా నమ్మకం.

"ఇట్లా ఎన్ని ముక్కలవుతారు?" అనే మనవాళ్లకు మా జవాబు ఇది. 1995లో ఒక పుస్తకం ఉంది. ఇవాళ మన దగ్గర ఒక వరుస ఉంది. ఆ వరుసలో ఏ పుస్తకాన్నీ తీసేసి దళిత సాహిత్య చరిత్ర రాయడం కుదరదు. ప్రతి 'మేం' వచ్చి చేరాకే 'మనం' అనే మాటకు అర్థం పెరిగింది. రానివ్వనప్పుడు మాత్రమే అది ముక్క అయింది.

ఆ డక్కలి తమ్ముడి ప్రశ్నకు మేం ఈ వ్యాసంలో జవాబు చెప్పలేదు. అది వ్యాసంలో చెప్పే జవాబు కాదు. సెలవులకు ఊరికి పోతున్నాం. అతన్ని కూడా రమ్మన్నాం. అమ్మకు ముందే చెప్పాం.